ఈశాన్యపు మూల

బిక్షమ్మ మొగుడు ఏసోబు బతికినన్నాళ్లూ ఎవరి కంటికీ ఆనని మనిషి. చచ్చిపోయి పదహారేళ్లు దాటాక అతనికి ధర పలికింది. ఎంతనుకున్నారు? నలభై లక్షలు! ఆ ధర కట్టింది భూముల బ్రోకరు సతీశ్. బిక్షమ్మ వాకిట్లోనే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఆమె ఇచ్చిన చాయ్ తాగుతూ కట్టాడు.

“దశరథన్నా, ఉన్నమాట చెప్త, ఏమనుకోకు,” అన్నాడు ఆమె కొడుకుతో. “మీ చుట్టుముట్టు ఎకరం ముప్పై ఐదు లచ్చలు నడుస్తాంది. మీదేమో పదిహేనుకు గూడ అడిగేటోడు లేడు. రెండెకరాల మీద నలభై లచ్చలు బొక్క. అంత గా గోరి వల్లనే.”

దశరథ్ తల వంచుకుని ఫోను అద్దాన్ని బొటనవేలితో రుద్దుతున్నాడు. గడప మీద కూర్చున్న బిక్షమ్మే అందుకుంది.

“పూటకింత జొన్న గట్కకు పటేలింట్ల జీతం జేసిండు సతీశూ మా ఇంటాయన. గసుంటోనికి ఇయ్యాల నలభై లచ్చలంటున్నవ్. గీ ముచ్చట ఆయనకు ముందుగాల జెప్పకపోయినవా, పురుగుల మందు తాగకపోతుండె.”

సతీశ్‌కు పొలమారింది. లోపల దశరథ్ భార్య స్వర్ణ గిన్నెను నేలకేసి గట్టిగా పెట్టింది. ఆ ఇంట్లో అత్త నోటికి కోడలు ఎప్పుడూ ఎదురు చెప్పదు, గిన్నెలతోనే చెప్పిస్తుంది.

ఆ రెండెకరాలు వాళ్లకు ఎట్లా వచ్చాయో చెప్పాలి. ఏసోబు పన్నెండేళ్లు పక్క చేను మల్లయ్య పటేలు తండ్రి దగ్గర జీతమున్నాడు. కూలి లెక్క తేల్చవలసిన రోజున ముసలి పటేలు పైసలు తీయలేదు, చెయ్యెత్తి ఊరి బయటి గుట్ట కింద పడావు పడ్డ బీడు చూపించాడు. అంతా రాయి. మేకలు కూడా అటు తొంగి చూసేవి కావు. ఊరు ఊరంతా నవ్వింది. ఏసోబు మాత్రం కాగితం చేతిలో పడగానే కళ్లకద్దుకున్నాడు. కల్వకుర్తి పక్కనున్న ఆ ఊళ్లో, వాళ్ల వాడలో అప్పటిదాకా సొంత భూమి ఉన్నవాడు ఒక్కడూ లేడు మరి.

మొగుడూ పెళ్లాం రెండు ఎండాకాలాలు రాళ్లు ఏరారు. ఏరిన రాళ్లతోనే చుట్టూ గోడ లేచింది. ఇక నీళ్లు పడితే చాలనుకున్నారు. మూడు బోర్లు వేశారు, మూడింటిలోనూ దుమ్మే లేచింది. నాలుగోది పల్లంగా ఉన్న మూలలో వేశారు. చేనంతా సాపరాయి అయితే, వానకు కొట్టుకొచ్చిన మట్టి ఆ మూల ఒక్కటే కాస్త మందంగా పేరుకుని ఉండేది. మూడు వందల ఎనభై అడుగులు పోయింది బోరు. తెల్లటి దుమ్ము లేచి ఏసోబు నెత్తి మీదా మీసాల మీదా పడింది. బోరు బండి వెళ్లిపోయాక అతను అక్కడే కూర్చున్నాడు. పత్తికి కొట్టే మందు డబ్బా పక్కనే ఉంది. బిక్షమ్మ సద్ది పట్టుకుని వచ్చేసరికి నోట్లోంచి నురగ కారుతోంది. దవాఖానకు పోయే తోవలోనే ప్రాణం పోయింది.

అంతటితో అయిందా? కాలేదు. చర్చి వాళ్ల సమాధుల తోటలో పెడదామంటే పాస్టరు ఒప్పుకోలేదు. దేవుడిచ్చిన ప్రాణాన్ని చేతులారా తీసుకున్నవాడికి ఆ నేలలో చోటు లేదన్నాడు. శవాన్ని మంచం మీద పెట్టుకుని పొద్దుగూకే దాకా బతిమాలారు. ఆఖరుకు చేనుకే మోసుకుపోయారు. గడ్డపార దిగే జాగా అదొక్కటే గనుక, ఎండిన బోరు పక్కనే తవ్వి పెట్టారు. అది ఈశాన్యమో, మరో మూలో, ఎవరు చూశారు? చూసే తీరిక ఎవరికుంది?

బిక్షమ్మ కూలికి పోయి సిమెంటు కొని గోరి కట్టించింది. గోరి పక్కన మనిషి పొడుగంత జాగా వదిలిపెట్టింది. ఒకసారి కలుపుకు వచ్చిన ఆడవాళ్ల ముందే ఆ జాగాలో వెల్లకిలా పడుకుని, కాళ్లు చాపి, “సరిపోతది, నేనేం పెరుగుతనా ఇగ,” అంది. వాళ్లు నవ్వారు, ఆమె కూడా నవ్వింది. కానీ ఉత్తుత్తి మాట కాదది. ఏటేటా పునరుత్థాన పండుగకు గోరికి సున్నం వేసేటప్పుడు ఆ జాగాలో గడ్డి కూడా పీకేది. ఒక్క విత్తనం వెయ్యనిచ్చేది కాదు. తనకు లోకంలో సొంతమని చెప్పుకునేది ఆ ఆరడుగుల నేల ఒక్కటేనని ఆమె నమ్మకం.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు కాలువ వచ్చింది. ఎక్కడి కృష్ణ, ఎక్కడి గుట్ట! మోటార్లతో పైకెత్తి పోసిన నీళ్లు కొండలెక్కి వచ్చి, చేనుకు ఎగువన పిల్లకాలువలో పారాయి. ఊరివాళ్లు కొబ్బరికాయలు కొట్టారు. ఆడవాళ్లు కాలువలోకి దిగి మొహం కడుక్కున్నారు. బిక్షమ్మ దిగలేదు. గట్టు మీద నిలబడి, “పదేండ్లు ముందుగాల రాకపోతివా,” అని ఆ నీళ్లనే తిట్టింది.

నీళ్లొచ్చాక ఊరి వేషమే మారిపోయింది. కూలి కోసం బొంబాయి బస్సెక్కేవాళ్లు లేరు. ఎండిన బోర్లు వాటంతటవే నీళ్లు పొయ్యసాగాయి. ఎటు చూసినా వరి మళ్లే. నాట్లకు బీహారు నుంచి మనుషులొచ్చారు. ఆ వెనకే కార్లు కూడా వచ్చాయి. హైదరాబాదు-శ్రీశైలం రోడ్డు దిగి, మట్టిబాట పట్టి, చేల మధ్యలో ఆగేవి. నల్ల కళ్లద్దాల మనుషులు దిగి, నీళ్లు చూసి, గుట్ట చూసి, ‘ఎకరం ఎంత?’ అనేవాళ్లు. వాళ్లు అడిగిన ప్రతిసారీ ధర ఇంకో మెట్టు ఎక్కేది. పొద్దున నాగలి పట్టినవాడు సాయంత్రానికి బ్రోకరయ్యాడు. దున్నడానికి వద్దనుకున్న రాళ్ల భూములు ఫాంహౌసులకు ముద్దొచ్చాయి.

కొత్త పాసుబుక్కులు ఇచ్చే రోజున పట్టా ఎవరి పేర రాయాలని అడిగితే, “నాదేంది, వానిదేంది, వాని పేరనే రాయి సారూ,” అని కొడుకు వైపు చూపించింది బిక్షమ్మ. కొడుకును నమ్మని తల్లి ఉంటుందా? అలా రాయించినందుకు ఆ రోజు వాడలో అందరూ ఆమెను మెచ్చుకున్నారు.

ముగ్గురు వచ్చారు చేను కొనడానికి. ముగ్గురూ గోరి దాకా వచ్చి ఆగిపోయారు. మూడోవాడైతే ఫోనులో దిక్కులు చూసుకుని, “ఈశాన్యంలో సమాధా!” అని బూట్లు దులుపుకుంటూ కారెక్కాడు. పక్క చేను మల్లయ్య పటేలుకు అదొక కడుపుమంట. తన తండ్రి రాళ్లని ఇచ్చేసిన భూమి బంగారమైందని ఒక మంట, ఈ గోరి వల్ల తన చేను ధర కూడా పడిపోతోందని ఇంకో మంట.

“బిక్షమ్మా, నీ మొగడు బతికినన్ని దినాలు మా ఉప్పు తిన్నడు. సచ్చినంక మా నోట్ల మన్ను గొడుతుండు,” అన్నాడు ఒకరోజు గట్టు మీద నిలబడి.

“మీ ఉప్పు తిన్నడు గాని పటేలా, కూలి మాత్రం తినలే. గందుకే గీ రాళ్లు మాకొచ్చె,” అంది ఆమె, కొడవలి దించకుండానే.

నోరు పెద్దదే బిక్షమ్మది. కానీ ఇంట్లో ఆ నోరు పని చెయ్యలేదు. దశరథ్ కల్వకుర్తిలో ఒక ప్రైవేటు కాలేజీలో అటెండరు. తెల్లారి లేచి లెక్చరర్ల గదులు తుడిచి, వాళ్లకు చాయ్ మోసి వచ్చేవాడు. తనతో చదువుకున్నవాళ్లు ఒక్క ఎకరం అమ్మి మూడంతస్తుల ఇల్లు కట్టుకుంటే, లక్షలు పలికే చేను పెట్టుకుని తాను చిప్పలు కడుగుతున్నానని వాడి ఏడుపు. వాడి ఏడుపులో తప్పుందని ఎవరనగలరు? అరవలేదు, తిట్టలేదు. తల్లితో మాట్లాడడం మానేశాడంతే. స్వర్ణ అన్నం పెట్టి, పళ్లెం జరిపి వెళ్లిపోయేది. ‘అత్తా, తిన్నవా’ అని ఒక్క మాట ఉండేది కాదు. మనవలు కూడా అవ్వ దగ్గరికి రావడం తగ్గించారు. ఇంట్లో బతికుండగానే ఆమె గోరిలా కూర్చోవలసి వచ్చింది.

నెల రోజులకు ఆమే నోరు విప్పింది. “బాపురా నీకు. బాపును తవ్వి అమ్ముకుంటవా?”

దశరథ్ ఆ రోజు తల ఎత్తి సూటిగా చూశాడు. “బాపు నాకేమిచ్చిండే? పద్దెనిమిదేండ్లకు నెత్తి మీద బోర్ల అప్పు వెట్టి పోయిండు. నా సదువు గాడనే ఆగింది. ఇప్పుడన్న ఇయ్యనియ్యరాదా? సచ్చిన మనిషి, ఆయనకు ఏడ వెడితే ఏంది?”

కొడుకు చెప్పింది అబద్ధమైతే చెంప పగలగొట్టేది. నిజం కాబట్టి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఆ వారమే పాస్టరు వచ్చాడు. అదే పాస్టరు. గడ్డం తెల్లబడింది, గొంతు మెత్తబడింది. భూమి అమ్మితే దశమభాగంతో మందిరానికి స్లాబు పడుతుందని సతీశ్ ఆయన చెవిలో ముందే వేసి ఉంచాడు.

“అమ్మా, ప్రభువు కృప పెద్దది. ఏసోబును సమాధుల తోటకు తీసుకొస్తం,” అన్నాడు.

“అయ్యగారూ, పదహారేండ్ల కింద ఆయన చేసింది పాపమన్నవ్. గా పాపం ఏమయింది? కాలువ నీళ్లకు కొట్టుకపోయిందా?”

పాస్టరు కళ్లు మూసుకుని తెరిచాడు. “రెండు జాగాలు ఇస్తం. పక్కపక్కన. ఒకటి ఆయనకు, ఒకటి నీకు.”

ఆ మాట దగ్గర బిక్షమ్మ ఆగిపోయింది. రాత్రింబగళ్లు ఆమెను తొలుస్తున్నదీ అదే. పట్టా కొడుకుది. ఇవాళ కాకపోతే రేపు వాడు అమ్ముతాడు. చుట్టూ కంచె పడ్డాక, ఏ ఫాంహౌసువాడు ఒక ముసలిదాని శవాన్ని లోపలికి రానిస్తాడు? ఏసోబు ఒక్కడే లోపల, తను ఎక్కడో బయట. అట్లా కాకుండా ఇద్దరూ ఒకచోట ఉంటామంటే ఏ చోటైతే ఏమిటి? వాడలో ఆమె మాట లేనిదే ఆ గోరి మీద పార పెట్టే ధైర్యం ఎవరికీ లేదు. అందుకే కదా వీళ్లందరూ ఆమె చుట్టూ తిరుగుతున్నారు.

“మధ్యల ఎవ్వల్ని వెట్టొద్దు,” అంది. “నేను సచ్చేదాంక నా జాగా ఎవ్వలకియ్యొద్దు.”

“ప్రభువు సాక్షిగా,” అన్నాడు పాస్టరు.

గోరి తియ్యడానికి ఒక శుక్రవారం పెట్టుకున్నారు. సతీశ్ ఈసారి కొత్త పార్టీని పట్టాడు. పేరు శివకుమార్, హైదరాబాదులో పెద్ద ఉద్యోగం. చేను ఫోటోల్లో తప్ప చూడలేదు. ఆ ఫోటోల్లో గోరి లేదు. ఆదివారం వచ్చి చూస్తాడు, అప్పటికల్లా జాగా చదునైపోవాలని సతీశ్ ప్లాను.

పొద్దున్నే జేసీబీ వచ్చింది. పాస్టరు ప్రార్థన చేశాడు. బిక్షమ్మ గోరి మీద చెయ్యి వేసి, “లేయ్యి, పోదాం,” అంది మొగుడితో, సంతకు పోయేటప్పుడు పిలిచినట్టే. జేసీబీ పన్ను ఒక్క దెబ్బకు సిమెంటును లేపేసింది. ఇద్దరు మనుషులు పారలతో దిగారు.

రెండడుగులకే మట్టి తడిగా వచ్చింది. మూడడుగులకు పార దిగబడి ‘బుడుక్’ మంది. దిగినవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పక్కల నుంచి నీళ్లు ఊరుతున్నాయి. తెల్లగా, తేటగా, ఆగకుండా ఊరుతున్నాయి. ఎగువన కాలువ, మూడు పక్కలా వరి మళ్లు, పల్లంగా ఉన్న మూల. నీళ్లు ఇంకెక్కడికి పోతాయి? మోకాలి లోతు వచ్చేసరికి మనుషులు పైకెక్కేశారు.

బిక్షమ్మ తవ్విన బొంద అంచున చతికిలబడింది. “ఓరి దేవుడా, మూడు వందల ఎనభై అడుగులు తవ్విస్తివి గదయ్యా! మూడడుగుల కాడ వచ్చినయి సూడు! లేచి సూడు!” అని నేలను రెండు చేతులా కొట్టింది. పాస్టరు మొహం పక్కకు తిప్పుకున్నాడు. దశరథ్ కంట్లోంచి చుక్క రాలేదు.

నీళ్లు తోడాలంటే మోటారు కావాలి. మల్లయ్య పటేలు అడగగానే ఇచ్చాడు. పైపును తన మడిలోకే మళ్లించుకున్నాడు కూడా, నీళ్లు పాడెందుకు చేసుకోవాలని. గంటసేపు తోడారు. తోడినంతసేపూ ఊరింది. శవపెట్టె ఎప్పుడో చివికి మట్టిలో కలిసిపోయింది. బురదలో చేతులు పెట్టి దేవితే కాలి ఎముకలు రెండు దొరికాయి, దవడ ముక్క ఒకటి, ఇంకేవో నాలుగైదు. మిగతాది అందలేదు. వాటిని యూరియా సంచీలో వేసి బిక్షమ్మ చేతికిచ్చారు. సంచి అంత తేలిగ్గా ఉంటుందని ఆమె అనుకోలేదు.

ఈలోపు సతీశ్ బొంద చుట్టూ తిరుగుతూ వీడియో తీసుకుంటున్నాడు. మొహం వెలిగిపోతోంది. “దశరథన్నా, సూస్తున్నవా! మూడు ఫీట్లకే నీళ్లు! గిసుంటి భూమి మండలం మొత్తంల లేదు,” అని గుసగుసలాడాడు. వీడియో పంపిన పావుగంటకే ఫోను మోగింది. శివకుమార్ శ్రీశైలం పోతూ కల్వకుర్తిలో టిఫిను చేస్తున్నాడట. ఆదివారం దాకా ఎందుకు, దారిలోనే కదా, ఇప్పుడే చూసిపోతానన్నాడు.

సిమెంటు పెళ్లల్ని గబగబా గోడ అవతలకు విసిరారు. పాస్టరు బైబిలును సంచిలో పెట్టేసుకున్నాడు. సతీశ్ ఒక్కొక్కరినీ చూస్తూ, “ఎవ్వలు నోరు తెరువొద్దు. బావి కోసం తవ్వి సూసినమని చెప్త,” అన్నాడు. బిక్షమ్మ వైపు తిరిగి చేతులు కూడా జోడించాడు.

తెల్ల కారు వచ్చింది. శివకుమార్ దిగాడు. మంచివాడే పాపం, మెత్తగా మాట్లాడే మనిషి. భార్య కారులోనే కూర్చుంది. బొంద దగ్గరకు రాగానే అతని కళ్లు మెరిశాయి.

“ఇదేనా వీడియోలో చూపించింది?”

“ఇదే సార్. బావి తవ్వుదమని జర గెలికినం, ఊకనే నీళ్లొచ్చె,” అన్నాడు సతీశ్.

“ఈ జిల్లాలో ఎక్కడ చూసినా ఫ్లోరైడు అంటారు. రుచి చూస్తే తెలిసిపోతుంది నాకు.” శివకుమార్ ప్యాంటు మోకాళ్ల పైకి లాక్కుని వంగాడు. దోసిలి పట్టి నీళ్లు తీసుకున్నాడు. పాస్టరు ‘అయ్యో’ అనబోయి ఆగాడు. అతను తాగాడు. నాలుక చప్పరించి, ఇంకో దోసిలి తాగాడు. “తియ్యగా ఉన్నాయండీ! మినరల్ వాటరు ఎందుకు ఇంక?”

దశరథ్ కాలేజీలో చాయ్ మోసినప్పుడు ఎవరికీ వినపడని గొంతు వాడిది. ఇప్పుడు మాత్రం ఖంగుమని పలికింది. “సార్, మనం ముప్పై ఐదు అనుకున్నం. గీ నీళ్లకు ముప్పై ఎనిమిది పెట్టాలె మీరు.”

తండ్రి బొంద అంచు మీద నిలబడి అడిగాడు. కాలి వేళ్ల కింది మట్టి ఇంకా నీళ్లలోకి రాలుతూనే ఉంది. శివకుమార్ ఒక్క క్షణం ఆలోచించి, “సరే, నీళ్లకు తగ్గ మాటే,” అని చెయ్యి చాపాడు. దశరథ్ ఆ తడి చెయ్యి పట్టుకుని ఊపాడు.

బిక్షమ్మ అంతా చూసింది. నోరు తెరవకూడదని ఆమెకూ తెలుసు. తెరవకపోతే పొలం పోతుంది, సంచి సమాధుల తోటకు పోతుంది, అందని మొగుడు అందనట్టే ఈ నేలలో, ఈ నీళ్లలో ఉండిపోతాడు. ఎవరూ ఇక అతన్ని కదపరు. ఇదంతా ఆమెకు తెలియక కాదు. కానీ ఆ చేతులు ఊగడం చూసేసరికి తెలిసిందంతా మరిచిపోయింది.

ఆ సమయానికే శివకుమార్ ఆమెను చూశాడు. ఒళ్లో సంచి పెట్టుకుని మట్టిలో కూర్చున్న ముసలామెను పలకరించకుండా పోవడం బాగుండదనుకున్నాడు కాబోలు. “ఏంటమ్మా, సంచిలో ఏం పెట్టుకున్నావు?” అన్నాడు నవ్వుతూ.

“మా ఇంటాయన సారూ,” అంది బిక్షమ్మ. “దొరికినకాడికి గీ సంచిల ఉన్నడు. దొరకనిది నువ్వు తాగినవ్.”

సంచి మూతి తెరిచి చూపించింది.

శివకుమార్ గట్టు దాకా కూడా పోలేకపోయాడు. అక్కడే వంగి కక్కాడు. తిన్న టిఫినంతా కక్కాడు, తర్వాత ఉత్త నీళ్లు కక్కాడు. సతీశ్ నీళ్ల సీసా పట్టుకుని చుట్టూ తిరిగాడు. ఆ మనిషి నోరు పుక్కిలించుకుని కారులో కూర్చున్నాడు. బిక్షమ్మకు ఆ క్షణాన చెప్పలేనంత హాయిగా అనిపించింది. బేరం పోయింది, బాగా అయింది, అందరికీ బాగా అయింది అనుకుంది. పదహారేళ్లలో అంత హాయి ఆమె ఎరగదు.

కారు కదలలేదు. పావుగంట ఫోనులో మాట్లాడాడు ఎవరితోనో. వాస్తు చెప్పేవాడో, ఆడిటరో. తర్వాత అద్దం దించి సతీశ్‌ను పిలిచాడు. దిగలేదు. “ఇలాంటి నీళ్లు మళ్లీ దొరకవు. కానీ ఆ మూల మట్టి ఉండకూడదు. పది అడుగుల లోతు, చుట్టూ ఇరవై అడుగులు, మొత్తం ఎత్తి బయట పారెయ్యండి. ఒక్క పెళ్ల మిగలకూడదు. నేను ఇక్కడే ఉండి చూస్తా. ధర ముప్పై. ఇష్టమైతే చెప్పమనండి.”

దశరథ్ తల్లి వైపు చూడలేదు. “సరే సార్,” అన్నాడు.

జేసీబీ మళ్లీ మొదలైంది. కాలువకు ఎగువన గండి పడితే పూడ్చడానికి మట్టి కావాలని అడుగుతున్నారట. సతీశ్ ఫోను చెయ్యగానే టిప్పరు వచ్చేసింది. ఎర్రమట్టి, బురద, గడ్డి వేళ్లు, వాటితోపాటు ఏసోబు టిప్పరు తొట్టిలోకి పోతున్నాడు. బిక్షమ్మ లేచి ఉరికింది. జేసీబీ ముందు అడ్డం పడింది. దశరథ్ వచ్చి రెండు రెక్కలు పట్టి పక్కకు ఈడ్చాడు. పుట్టి బుద్ధెరిగాక వాడు తల్లి మీద చెయ్యి వెయ్యడం అదే మొదలు.

“నీ నోరే అమ్మా!” అన్నాడు. అప్పుడు ఏడుస్తున్నాడు వాడు. “నీ నోరు జర ఊకుంటే బాపు సగమన్న ఈడనే ఉంటుండె. ఎవ్వడు ముట్టకపోతుండె. నువ్వే పంపుతున్నవ్ ఆయనను.”

ఆ మాట ఆమె గుండెల్లో దిగింది. ఇంత పెద్ద నోరు, ఇన్నేళ్లు పటేళ్లను కూడా లెక్క చెయ్యని నోరు, కొడుకు ముందు మూగబోయింది.

ఏడు ట్రిప్పులు పోయాయి. ఏ ట్రిప్పులో ఏసోబు ఎంత పోయాడో ఎవరికి తెలుసు? ఆఖరి టిప్పరు వెనక బిక్షమ్మ నడిచింది, సంచి చంకలో పెట్టుకుని. పాస్టరు వెనక నుంచి పిలిచాడు, “అమ్మా, అటు గాదు, సమాధుల తోట ఇటు” అని. ఆమె తిరిగి చూడలేదు.

గండి దగ్గర మట్టిని పరిచి రోలరుతో తొక్కిస్తున్నారు. కట్ట అప్పటికే నీటిమట్టం దాటి లేచింది. అవతల కాలువ నిండుగా పారుతోంది. కట్ట మీద నిలబడిన మేస్త్రీ, “పక్కకు జరుగవ్వా, రోలరొస్తాంది,” అని అరిచాడు.

బిక్షమ్మ జరగలేదు. కింద పరిచిన మట్టిని చూసింది. ఈ మట్టిలో ఇంత, సంచిలో ఇంత. రేపు సమాధుల తోటలో ఈ సంచి పక్కన పడుకుంటే, ఎవరి పక్కన పడుకున్నట్టు? ఆయనలో ఎంత భాగం పక్కన? తన జాగా ఇక ఎక్కడా లేదని ఆమెకు అర్థమైపోయింది. తనకు లేకపోతే పోనీ, ఆ మనిషినన్నా ముక్కలు కాకుండా ఉంచాలనుకుంది.

సంచిని తలకిందులు చేసింది. ఏడెనిమిది ఎముకలు, ఇంత బురద, తడి మట్టిలో పడ్డాయి. వంగి, చేత్తో మట్టి కప్పింది.

“ఏందవ్వా అది?” అన్నాడు మేస్త్రీ.

“మట్టే బిడ్డా. చేండ్లకెల్లి వచ్చిందే, జర మిగిలిపోయింది. ఇగ తొక్కియ్యి.”

ఆమె పక్కకు జరిగింది. రోలరు వచ్చి ఆ చోటు మీదుగా పోయింది. మళ్లీ వెనక్కి వచ్చింది.